సీటీసీలో ప్రాసెసర్ కొనేటప్పుడు ధర నిజంగా ఎక్కడ తగ్గుతుంది?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు హనుమకొండలో చదువుకుంటున్నారు. ప్రోగ్రామింగ్‌కు, వీడియో ఎడిటింగ్‌కు, అప్పుడప్పుడు ఆటలకు పనికొచ్చే కంప్యూటర్‌ను విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకోవాలనుకుంటున్నారు. ప్రాసెసర్‌కు 15,000 రూపాయల వరకు పెట్టగలరు. గ్రాఫిక్స్ కార్డు ఇప్పట్లో కొనే ఆలోచన లేదు. పాత కంప్యూటర్‌లో 16 జీబీ డీడీఆర్4 (ఇప్పటి డీడీఆర్5కు ముందు తరం) ర్యామ్ ఉంది, అది బాగానే పనిచేస్తోంది. వచ్చే వారం హైదరాబాద్ వెళ్తున్నారు కాబట్టి, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ విడిభాగాల బజారు సీటీసీలో నేరుగా కొంటే ఆన్‌లైన్ కంటే చవకగా వస్తుందా, మోసపోకుండా ఎలా కొనాలి, లేకపోతే డాలస్‌లో ఉన్న అక్కగారితో తెప్పించుకోవడం మేలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. దుకాణంలో చవకగా వస్తుంది, కానీ ఒక్క ప్రాసెసర్‌నే అడిగి బేరమాడితే రాదు. ప్రాసెసర్‌నూ మదర్‌బోర్డునూ కలిపి, ఒకే దుకాణంలో, ఒకే జీఎస్టీ బిల్లు మీద కొన్నప్పుడు వస్తుంది. ముందు తరం సరుకును సరైన మోడల్ తెలిసి ఎంచుకున్నప్పుడు వస్తుంది. మీ విషయంలో అన్నిటికంటే పెద్ద ఆదా మీ చేతిలో ఇప్పటికే ఉంది. అది ఆ 16 జీబీ డీడీఆర్4 ర్యామ్. దాన్ని వాడుకోగల ప్రాసెసర్‌ను కొంటే మీరు మిగుల్చుకునే డబ్బు, ఏ దుకాణదారుడూ ఇవ్వగల రాయితీ కంటే ఎక్కువ. డాలస్ ఆలోచనను ఈ బడ్జెట్‌కు పక్కన పెట్టండి. కారణం చివర చెబుతాను.

నేను చాలా ఏళ్లుగా చిన్న కార్యాలయాలకు, ఫోటో స్టూడియోలకు, మీలాంటి విద్యార్థులకు కంప్యూటర్లు అసెంబుల్ చేసి ఇస్తున్నాను. సరుకు ఎక్కువగా పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచే, అంటే మనం సీటీసీ అని పిలిచే చోటు నుంచే తెస్తాను. అక్కడ చూసినవాటి ఆధారంగా రాస్తున్నాను.

ముందుగా, విడిగా ప్రాసెసర్ మీద బేరం ఎందుకు సాగదో తెలుసుకోవాలి. మన దేశంలో అమ్ముడయ్యే ఇంటెల్, ఏఎండీ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు దిగుమతి అయి, కొద్దిమంది పెద్ద పంపిణీదారుల ద్వారా దుకాణాలకు చేరతాయి. వీధిలో ఉన్న దుకాణాలన్నిటికీ కొనుగోలు ధర దాదాపు ఒకటే. అది డాలరు విలువను బట్టి మారుతుంది తప్ప, దుకాణం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి పెద్దగా మారదు. అమ్మేవాడికి మిగిలేది కొద్ది మొత్తమే. అందువల్ల ఒకే సీల్డ్ బాక్స్ ప్రాసెసర్‌కు నాలుగు దుకాణాల్లో ధర అడిగితే, తేడా సాధారణంగా కొన్ని వందల రూపాయలకు మించదు. ఎవరైనా వేల రూపాయల తేడాతో తక్కువ చెబితే, వాళ్లు అమ్ముతున్నది అదే వస్తువు అయి ఉండే అవకాశం తక్కువ. అది రిటైల్ పెట్టె లేకుండా విడిగా వచ్చిన ట్రే సరుకో, తెరిచిన పెట్టెలోదో, బిల్లు లేనిదో, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న వేరే మోడలో అయి ఉంటుంది.

దుకాణానికి మిగులు ఉండేది మదర్‌బోర్డు, క్యాబినెట్, పవర్ సప్లై, కూలర్, ర్యామ్ వంటి వాటిలో. రాయితీ పుట్టేది కూడా అక్కడే. అందుకని కౌంటర్ దగ్గర "ఈ ప్రాసెసర్ ఎంతకు ఇస్తారు" అని మాత్రమే అడిగితే ఆన్‌లైన్ ధరకు అటూ ఇటూగా ఒక అంకె చెబుతారు. "ఈ ప్రాసెసర్, ఈ బోర్డు, ఈ పవర్ సప్లై, మూడూ కలిపి ఒకే బిల్లుకు ఎంత, విడివిడిగా ఒక్కోదానికి ఎంత" అని రాసుకున్న జాబితా చూపించి అడిగితే సంభాషణే మారిపోతుంది. విడివిడి ధరలు రాయించుకోవడం తప్పనిసరి. మొత్తం ఒక్కటే చెప్పే కాంబోలో ప్రాసెసర్ చవకగా కనిపిస్తుంది, పవర్ సప్లై పేరు ఎవరూ విననిది ఉంటుంది. కరీంనగర్‌లో స్టూడియో నడిపే ఒకరు ఇలాగే ప్రాసెసర్ మీద మంచి తగ్గింపు వచ్చిందని సంతోషపడి నాకు క్వోటేషన్ పంపారు. వరుస వరుసగా చూస్తే, ప్రాసెసర్ మీద తగ్గించినదంతా నాసిరకం పవర్ సప్లైకి పెంచిన ధరలో తిరిగి వసూలయింది. ఆ ఒక్క వస్తువు మార్పించుకున్నాక ఆయనకు అదే దుకాణం మంచి దుకాణమే అయింది.

బయలుదేరే ముందు చేయవలసిన పని ఒకటుంది. మీరు అనుకుంటున్న ప్రాసెసర్‌కు ఆ రోజు ఆన్‌లైన్ ధర రాసుకోండి. పెద్ద అమ్మకాల సైట్లలో మాత్రమే చూస్తే చాలదు. కంప్యూటర్ భాగాలు మాత్రమే అమ్మే దేశీయ దుకాణాల వెబ్‌సైట్లలోనూ చూడాలి. ఢిల్లీ నెహ్రూ ప్లేస్, బెంగళూరు ఎస్పీ రోడ్, చెన్నై రిచీ స్ట్రీట్ వంటి బజార్ల వ్యాపారులు పలువురు ఆన్‌లైన్‌లోనూ అమ్ముతారు, వాళ్ల ధరలే అసలు పోటీ ధరలు. పన్ను, రవాణా కలిపిన మొత్తాన్నే రాసుకోండి. బ్యాంకు కార్డు మీద వచ్చే తగ్గింపు మీకు నిజంగా వర్తిస్తే దాన్నీ తీసివేయండి. దసరా, దీపావళి అమ్మకాల రోజుల్లో కార్డు తగ్గింపు కలిపితే ఆన్‌లైన్ ధరను దుకాణం అందుకోలేకపోవడం నేను చాలాసార్లు చూశాను. అటువంటప్పుడు మొహమాటం లేకుండా ఆన్‌లైన్‌లోనే కొనమని చెబుతాను. మిగతా రోజుల్లో ఆ అంకె చూపించి అడిగితే, సీటీసీలో చాలామంది దానికి సమానంగానో కొంచెం తక్కువగానో ఇస్తారు.

పోల్చేటప్పుడు ఒకే వస్తువును పోలుస్తున్నారా అన్నది పెట్టె మీది పార్ట్ నంబరు చెబుతుంది. ఇంటెల్ రిటైల్ బాక్సుల పార్ట్ నంబరు "బీఎక్స్" అక్షరాలతో మొదలవుతుంది. ఏఎండీలో రిటైల్ పెట్టెకు నంబరు చివర కూలర్ ఉంటే "బాక్స్" అని, కూలర్ లేకపోతే "డబ్ల్యూఓఎఫ్" అని ఉంటుంది. "ఎంపీకే" అని ఉంటే అది కంప్యూటర్లు తయారుచేసి అమ్మేవారి కోసం వచ్చిన సరుకు. ఇంటెల్, ఏఎండీ రెండూ రిటైల్ బాక్సుకు మూడేళ్ల వారంటీ ఇస్తాయి, దానికి కంపెనీయే బాధ్యత వహిస్తుంది. ట్రే ప్రాసెసర్‌కు కంపెనీ నేరుగా మీకు బాధ్యత వహించదు, అమ్మినవాడే వహించాలి. అంటే ఆ దుకాణం ఎన్నాళ్లు ఉంటుంది, బిల్లు మీద ఏం రాసి ఇచ్చింది అన్నదే మీ వారంటీ.

అంతమాత్రాన ట్రే సరుకు పనికిరాదని నేను అనను. ప్రాసెసర్లు సాధారణంగా చెడిపోయే వస్తువులు కావు, నేను అమర్చిన వ్యవస్థల్లో బోర్డులు, పవర్ సప్లైలు పోయినంతగా ప్రాసెసర్లు పోలేదు. కానీ తేడా పది శాతం లోపు ఉంటే సీల్డ్ బాక్సే తీసుకోండి. అంతకు మించి ఉంటే, పాత దుకాణం అయితే, బిల్లు మీద సీరియల్ నంబరూ వారంటీ గడువూ రాసి ఇస్తే ఆలోచించవచ్చు. అప్పుడు కూలర్ ఖర్చు కలపడం మరచిపోకూడదు. ఐ5-12400, రైజెన్ 5 5600, రైజెన్ 5 7600 వంటి వాటి రిటైల్ పెట్టెలో కూలర్ వస్తుంది. రైజెన్ 5 7600ఎక్స్, 9600ఎక్స్, పేరు చివర "కే" ఉన్న ఇంటెల్ రకాల పెట్టెల్లో రాదు. కూలర్ ఉన్న పెట్టె ధరను కూలర్ లేని ట్రే ధరతో పోల్చి తక్కువ అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

ఇప్పుడు బిల్లు సంగతి. ఇది వారంటీకి ముడిపడిన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ప్రాసెసర్ మీద జీఎస్టీ 18 శాతం. 15,000 రూపాయల ధరలో పన్ను వాటా సుమారు 2,288 రూపాయలు. "బిల్లు వద్దంటే 1,000 తగ్గిస్తాం" అనే మాట అక్కడక్కడా వినిపిస్తుంది. ఆ 1,000 రూపాయల కోసం మీరు వదులుకునేది కొన్న తేదీకి రుజువు, వారంటీ అడిగే హక్కు, గొడవ వస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే ఆధారం. ఆ బేరానికి ఒప్పుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారం ఉండి, కంప్యూటర్ నిజంగా ఆ వ్యాపారానికే కొంటుంటే, ఆ నంబరు మీద బిల్లు చేయిస్తే పన్ను వాటా ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుబాటు అవుతుంది. చదువుకు కొనే కంప్యూటర్‌ను వ్యాపారం పేరు మీద చూపించడం మాత్రం సరికాదు.

బిల్లు అసలైనదేనా అన్నది చూడటం కష్టం కాదు. తెలంగాణ దుకాణం జీఎస్టీ నంబరు 36తో, ఆంధ్రప్రదేశ్ దుకాణానిది 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు పెట్టి వెతికితే వ్యాపారం పేరు, నమోదు అమలులో ఉందా లేదా అన్నది కనిపిస్తుంది. ఫోన్‌లో అక్కడికక్కడే చూడవచ్చు. బిల్లు మీద మోడల్ పేరు పూర్తిగా, చివరి అక్షరంతో సహా ఉండాలి. సీరియల్ నంబరు ఉండాలి. "ఐ5 ప్రాసెసర్ - 1" అని రాసిన బిల్లుతో వారంటీకి వెళ్తే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ చివరి అక్షరం దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. ఇంటెల్‌లో పేరు చివర "ఎఫ్" ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఐ5-12400ఎఫ్ ధర ఐ5-12400 కంటే తక్కువగా ఉండటానికి కారణం అదే. గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి "ఎఫ్" మంచి కొనుగోలు. మీకు కార్డు లేదు కాబట్టి అది కొంటే మానిటర్ మీద ఏమీ రాదు. నాకు తెలిసిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఒక దుకాణం ఈ సంగతి చెప్పకుండానే "ఎఫ్" అమ్మింది. మార్చి ఇవ్వడానికి ఒప్పుకోకపోవడంతో పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొనవలసి వచ్చింది, ఆదా చేసినదానికి మించి ఖర్చయింది. ఏఎండీలో ఏఎం4 (ప్రాసెసర్ బోర్డు మీద కూర్చునే సాకెట్ పేరు) కాలపు 5600, 5500, 5700ఎక్స్ వంటి వాటిలో గ్రాఫిక్స్ ఉండదు, పేరు చివర "జీ" ఉన్న 5600జీ, 5600జీటీ వంటి వాటిలో ఉంటుంది. 7000 వరుస నుంచి చాలా రైజెన్‌లలో మానిటర్‌కు సరిపోయే చిన్న గ్రాఫిక్స్ పెట్టారు. అక్కడ కూడా 7500ఎఫ్, 8400ఎఫ్ వంటి "ఎఫ్" రకాలలో లేదు.

పేర్లు దగ్గరగా ఉండి లోపల వేరుగా ఉండే జంటలు ఇంకొన్ని ఉన్నాయి. కౌంటర్ దగ్గర "అదే సార్, కొంచెం తక్కువ రేటు" అని వీటినే చూపిస్తారు. రైజెన్ 5 5500, 5600 పక్కపక్కన ఉన్నట్లు కనిపిస్తాయి. 5600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ), పీసీఐఈ 4.0 (గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ వంటివాటితో మాట్లాడే దారి) ఉంటే, 5500లో 16 ఎంబీ క్యాష్, పీసీఐఈ 3.0 మాత్రమే. రైజెన్ 7 5700, 5700ఎక్స్ మధ్య కూడా ఇదే తేడా. ఆటల్లో ఈ క్యాష్ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఏఎం4 తర్వాతి సాకెట్ ఏఎం5లో 8400ఎఫ్ అంకె పెద్దది కాబట్టి 7500ఎఫ్ కంటే కొత్తదని, మెరుగైనదని అనిపిస్తుంది. క్యాష్ 8400ఎఫ్‌లో 16 ఎంబీ, 7500ఎఫ్‌లో 32 ఎంబీ. ఇంటెల్‌లో ఐ5-13400, ఐ5-14400 రెండింటికీ పది కోర్లే, గరిష్ఠ వేగం 4.6 నుంచి 4.7 గిగాహెర్ట్జ్‌కు పెరిగింది, అంతే. ఆ 14 అనే అంకె కోసం చెప్పుకోదగ్గ మొత్తం ఎక్కువ ఇవ్వవద్దు. 13400 నిల్వ ఉండి తక్కువకు ఇస్తుంటే అదే తీసుకోవచ్చు.

ముందు తరం సరుకులో మంచి ధర దొరుకుతుందన్నది నిజమే, అయితే కొత్త తరం విడుదలైన మర్నాడే మన బజార్లో పాతది తగ్గదు. ఎక్కువ ధరకు తెచ్చుకున్న నిల్వను దుకాణదారుడు నష్టానికి అమ్మడు. నిల్వ కదలకుండా కొన్ని నెలలు ఉన్నాకే దిగివస్తాడు. అందుకని "ముందు తరంలో మీ దగ్గర సీల్డ్ బాక్స్ ఏవి ఉన్నాయి" అని నేరుగా అడగాలి. మార్చి నెలాఖరులో లెక్కలు ముగించే సమయంలో ఇలాంటి సరుకు బయటికి వస్తుంటుంది. పాత సాకెట్ అని భయపడనవసరం లేదు, కానీ తెలిసి కొనాలి. 2021 చివర్లో వచ్చిన ఎల్‌జీఏ1700 సాకెట్ ఇంటెల్ 12, 13, 14 తరాలతో ముగిసింది. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ ప్రాసెసర్లకు ఎల్‌జీఏ1851 అనే వేరే సాకెట్. ఏఎం4 2017లో మొదటి రైజెన్‌తో ప్రాచుర్యంలోకి వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఏఎం5 2022లో వచ్చింది, 2027 వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ మాత్రం మార్చుకోవాలనుకునేవారికి ఏఎం5 సరైనది. మీరు చదువు ముగిసేవరకు ఇదే వాడతారు కాబట్టి అది మీకు నిర్ణాయకం కాదు.

ఒక హెచ్చరిక. ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9లలో, "కే" రకం ఐ5లలో కూడా, అధిక వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతినే సమస్య 2024లో బయటపడింది. ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు విడుదల చేసి, ప్రభావితమైన బాక్స్ ప్రాసెసర్లకు వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. సవరణ కొత్త నష్టాన్ని ఆపుతుంది కానీ అప్పటికే జరిగినదాన్ని బాగుచేయదు. కాబట్టి ఈ రకాలు వాడినవిగా గానీ, తెరిచిన పెట్టెలో గానీ ఎంత చవకగా వచ్చినా నేను ఎవరికీ కొనిపెట్టను. ఐ5-12400, ఐ5-13400 ఆ జాబితాలో లేవు.

ఇక మీ ర్యామ్ దగ్గరకు వద్దాం. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. డేటా సెంటర్ల నుంచి గిరాకీ పెరగడం దానికి ముఖ్య కారణం, డీడీఆర్5తో పాటు డీడీఆర్4 కూడా పెరిగింది. ఏఎం5లో డీడీఆర్5 మాత్రమే పనిచేస్తుంది. రైజెన్ 5 7600 మీకు ఎంత మంచి ధరకు దొరికినా, దాని వెంట కొత్త డీడీఆర్5 ర్యామ్ కొనాలి. ప్రాసెసర్ మీద వచ్చిన తగ్గింపు అక్కడ పోతుంది. ఎల్‌జీఏ1700లో డీడీఆర్4 బోర్డులు ఉన్నాయి, ఏఎం4 పూర్తిగా డీడీఆర్4. ప్రాసెసర్ ధరను ఎప్పుడూ బోర్డు, ర్యామ్‌తో కలిపే లెక్కించండి. కాబట్టి నా సూచన: వీడియో ఎడిటింగ్ ముఖ్యమైతే "ఎఫ్" లేని ఐ5-12400, డీడీఆర్4 తీసుకునే హెచ్610 లేదా బీ760 బోర్డు. దానిలోని క్విక్ సింక్ అనే వీడియో ఎన్‌కోడింగ్ ఏర్పాటు వీడియో పనిలో చక్కగా తోడ్పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండానే చిన్న ఆటలు ఆడాలన్నది ముఖ్యమైతే రైజెన్ 5 5600జీ లేదా 5600జీటీ, ఎందుకంటే వాటిలోని గ్రాఫిక్స్ 12400లోని దానికంటే బలమైనది. ఈ రెండింటిలో ఏది ఆ రోజు బోర్డుతో కలిపి తక్కువకు వస్తే అది తీసుకున్నా మీకు లోటు ఉండదు. హెచ్610 బోర్డులు డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాల్లోనూ వస్తాయి, ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. బోర్డు పేరు చివర "డీ4" వంటి గుర్తు ఉందో లేదో చూడండి. మీ ర్యామ్ 8 జీబీ స్టిక్కులు రెండుగా ఉంటే రెండూ పెట్టించండి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వేగం దానిమీద చాలా ఆధారపడుతుంది. ఆ ర్యామ్‌ను వెంట తీసుకువెళ్లండి.

ర్యామ్ వెంట ఉంటే దుకాణంలో కొనడం వల్ల వచ్చే అసలు లాభం మీకు దక్కుతుంది. ప్రాసెసర్‌ను బోర్డులో పెట్టించి, ర్యామ్ పెట్టించి, అక్కడే ఆన్ చేయించి చూడవచ్చు. పాత బయోస్‌తో (బోర్డును మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌తో) ఉన్న బోర్డులో కొత్త ప్రాసెసర్ లేవదు. ఉదాహరణకు ఇంటెల్ 600 వరుస బోర్డులో 14వ తరం, బీ450 బోర్డులో రైజెన్ 5000 వరుస పెట్టాలంటే బయోస్ అప్‌డేట్ అయి ఉండాలి. ఆన్‌లైన్‌లో కొన్నవారు దీని కోసం మళ్లీ దుకాణానికే వచ్చి రుసుము కట్టడం చూస్తుంటాను. మీరు కౌంటర్ దగ్గరే "బయోస్ అప్‌డేట్ చేసి, ఆన్ చేసి చూపించండి" అని కొనే ముందే షరతుగా చెప్పండి. రెండూ అక్కడే కొంటున్నవారికి సాధారణంగా ఉచితంగానే చేస్తారు. బయోస్ తెరలో ప్రాసెసర్ పూర్తి పేరు కనిపించాలి, బిల్లుతో సరిపోవాలి.

పెట్టెను తెరవకముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. సీలు చిరిగి మళ్లీ అతికించినట్లు ఉందా చూడండి. మన దేశపు సరుకు మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం ఉన్న స్టిక్కరు ఉండాలి. తూనికలు కొలతల చట్టం కింద ప్యాకేజీ సరుకుకు ఇది తప్పనిసరి. అది లేని పెట్టె వేరే దేశం నుంచి ఎవరో తెచ్చినది అయి ఉండవచ్చు. ఇంటెల్ పెట్టె మీద ఎఫ్‌పీఓ, ఏటీపీఓ అనే రెండు నంబర్లు ఉంటాయి. వాటిని ఇంటెల్ వారంటీ పేజీలో పెడితే ఆ ప్రాసెసర్ వివరాలు, వారంటీ స్థితి తెలుస్తాయి. డబ్బు చెల్లించకముందే ఇది చూడండి. ఏఎండీ పెట్టెకు ఉన్న చిన్న కిటికీలోంచి ప్రాసెసర్ మీది అక్షరాలు కనిపిస్తాయి. దానిమీది సీరియల్ పెట్టె మీది సీరియల్‌తో సరిపోవాలి. తర్వాత సీలు తీసేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోండి, ఏ మంచి దుకాణదారుడూ దీనికి అభ్యంతరం చెప్పడు. ఏఎం4 ప్రాసెసర్‌కు పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి కాబట్టి పక్క నుంచి చూసి వరుసలు నిటారుగా ఉన్నాయని నిర్ధారించుకోండి. ఎల్‌జీఏ1700, ఏఎం5లలో పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, అక్కడ చూడాలి. వంగిన పిన్నుకు వారంటీ వర్తించదు, ఇంటికి వచ్చాక ఎవరి వల్ల వంగిందో తేల్చడం అసాధ్యం.

ఫోన్‌లో తక్కువ ధర చెప్పి, వెళ్లాక "ఇప్పుడే అయిపోయింది, దీని బదులు ఇది తీసుకోండి" అనే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. హనుమకొండ నుంచి వెళ్లే మీకు ఇది ఖర్చుతో కూడిన ఇబ్బంది. ముందు రోజే మూడు నాలుగు దుకాణాలకు జాబితా వాట్సాప్‌లో పంపి, మోడల్ నంబరుతో, ఎన్ని రోజులు వర్తిస్తుందో రాసిన క్వోటేషన్ అడగండి. రాతపూర్వకంగా ఇచ్చినవారి దగ్గరకే ముందు వెళ్లండి. వారం మధ్యలో, పగటి పూట వెళ్తే వాళ్లకు మీతో మాట్లాడే, పరీక్షించి చూపించే తీరిక ఉంటుంది. ప్యారడైజ్ మెట్రో స్టేషన్ నుంచి సీటీసీకి నడిచి వెళ్లవచ్చు. కార్డుతో చెల్లిస్తే అదనంగా కొంత శాతం కలుపుతామంటే, యూపీఐతో చెల్లించండి. ధర మాట్లాడేటప్పుడే ఎలా చెల్లిస్తారో చెప్పేయడం మంచిది.

వాడిన ప్రాసెసర్ల గురించి మీరు అడగలేదు కానీ అక్కడ తప్పకుండా చూపిస్తారు. కంపెనీలు తీసేసిన కంప్యూటర్ల నుంచి వచ్చినవి చాలా ఉంటాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కోరేది ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుస, అంతకంటే కొత్తవి. 6, 7 తరాల ఐ7 చవకగా వస్తోందని తీసుకోవద్దు.

డాలస్ సంగతి. అమెరికాలో మైక్రో సెంటర్ అనే గొలుసు దుకాణాలు ఉన్నాయి, డాలస్‌లోనూ ఒకటి ఉంది. కొన్ని ప్రాసెసర్లను, ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపిన బండిల్స్‌ను అవి దుకాణానికి వచ్చి తీసుకునేవారికి మాత్రమే, ఇంటికి ఇన్ని అనే పరిమితితో, చాలా తక్కువ ధరకు ఇస్తాయి. అక్కడి మనవాళ్లు వాటిని మెచ్చుకోవడం సహజం. కానీ ఆ ఆదా ఎక్కువగా బండిల్‌లో, ఖరీదైన ప్రాసెసర్లలో ఉంటుంది. తెరమీది ధరకు డాలస్‌లో 8.25 శాతం అమ్మకపు పన్ను కలుస్తుంది. బోర్డు, ర్యామ్ కూడా తెస్తే, వాటిలో ఏది చెడినా మార్పిడికి మీ అక్కగారే ఆ దుకాణానికి వెళ్లాలి. రైజెన్ 7 9800ఎక్స్3డీ వంటిది ఒక్కటే, ఎలాగూ వస్తున్నవారి సంచిలో వస్తుంటే నేను సరే అంటాను. 12400 స్థాయి ప్రాసెసర్‌కు మిగిలే కొద్ది మొత్తం కోసం ఇక్కడి బిల్లును, ఇక్కడి వారంటీని వదులుకోవడం తగదు.

కొన్నాక ఇంటికి వెళ్లిన రోజే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో పేరు, కోర్ల సంఖ్య, క్యాష్ చూడండి, ఒక గంటసేపు వీడియో ఎక్స్‌పోర్ట్ నడిపి కంప్యూటర్ ఆగిపోకుండా ఉందో చూడండి. బిల్లును ఫోటో తీసి దాచండి, ఎందుకంటే థర్మల్ కాగితం మీది అక్షరాలు ఏడాదిలో చెరిగిపోతాయి. పెట్టెను, సీరియల్ స్టిక్కరును మూడేళ్లూ ఉంచండి. దుకాణం బిల్లు మీద రాసిచ్చిన మాటను కాదంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు. దుకాణాల నుంచి క్వోటేషన్లు వచ్చాక ఇక్కడే పెట్టండి, వరుస వరుసగా చూసి ఏ వస్తువు ధర సరిగ్గా లేదో చెబుతాను.